సగం అద్దెకు సముద్రం

పార్సిల్ ఆఫీసులో ఇరవయ్యేళ్లుగా మూటలు కట్టడమే ఉద్యోగం కావడంతో వీధిలో ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయి, మూటలాయన అనేవారు. పెళ్లయిన మూడో రోజున భార్యకు ఒక మాటిచ్చాడు: "నీకు సముద్రం నేనే చూపిస్తా." ఆ మాట అటకెక్కి ఇరవయ్యేళ్లు కూర్చుంది. చివరికి దించాడు, అదీ నట్టనడి వానాకాలంలో.

"వానల్లోనా?" అంది ఆవిడ.

"అందుకే లాడ్జిలో సగం అద్దె! ఎండాకాలంలో పోతే జనం తలకాయలు తప్ప నీళ్లు కనపడవు. ఇప్పుడైతే సముద్రమంతా మనదే."

"నెత్తిమీదది కూడానా?"

"తడవకుండా తీసుకెళ్లే పూచీ నాది. నా ఉద్యోగమేంటనుకున్నావ్?"

అన్నట్టే బట్టలూ, దుప్పట్లూ, తువ్వాళ్లూ వేరువేరుగా ప్లాస్టిక్ పట్టాల్లో చుట్టి, గోనె సూదితో కుట్టి, నంబర్లు వేశాడు. మొత్తం పదిహేడు మూటలు. ఏ నంబరులో ఏముందో కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితానికి మాత్రం ప్లాస్టిక్ చుట్టలేదు.

ఆవిడ చేతిసంచిలో రెండు నైలాన్ చీరలు పడేసుకుంది. "నూలువి ఈ వానల్లో వారానిక్కూడా ఆరవు" అంటే ఆయన వినిపించుకోలేదు.

బస్సు దిగి లాడ్జి గుమ్మం ఎక్కేలోపే గొడుగు వెనక్కి తిరగబడింది. జేబులో కాగితం ముద్దయింది. ఒళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు కోసం మూటలు కోయడం మొదలుపెట్టాడు. ఒకదాంట్లో దుప్పటి, ఒకదాంట్లో ఇంకో గొడుగు, ఒకదాంట్లో మూటలు కుట్టే పురికొస. తువ్వాలు దొరికింది పదిహేడో మూటలో. అప్పటికి ఒళ్లే ఆరిపోయింది. గాలాడక బట్టలన్నీ ముక్కవాసన కొట్టాయి.

లాడ్జి యజమానురాలు జాలిపడి చెప్పింది. "ఇక్కడ వాన రోజంతా కొడుతుందండీ. తెల్లారగట్ల ఓ గంట మాత్రం తెరిపిస్తుంది. చూడాలంటే అప్పుడే చూడాలి."

యజమానురాలు వెళ్లగానే మూటలాయన గొంతు తగ్గించి భార్యతో అన్నాడు. "ఇలాగే చెబుతారు. రేపు లేపినందుక్కూడా డబ్బులడుగుతుంది. వాన ఎంతసేపని కురుస్తుందే, అదే ఆగుతుంది."

రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చుని వాన వైపే చూశాడు. అది ఆగలేదు.

మూడో రోజు ఎనిమిదింటికి నిద్ర లేచేసరికి మళ్లీ వాన. భార్య గుమ్మంలో కాళ్లకంటిన ఇసుక దులుపుకుంటోంది.

"ఎక్కడికెళ్లావ్?"

"సముద్రానికి. నిన్నా వెళ్లాను, మొన్నా వెళ్లాను."

"నన్ను లేపొద్దూ?"

"రోజూ లేపాను. వాన ఆగాక లేపమన్నారు. ఆగిందండీ అంటే, దుప్పటి ఎన్నో మూటలో ఉందని అడిగి అటు తిరిగి పడుకున్నారు."

చెప్పులైనా వేసుకోకుండా ఒడ్డుకు పరిగెత్తాడు. ఏది సముద్రమో, ఏది ఆకాశమో తెలియని తెల్లటి వాన. నిలువెల్లా తడిసి తిరిగొచ్చేసరికి ఊరెళ్లే బస్సు వేళయింది.

బస్సులో ఆయన తడిసిన చొక్కా కొసలు పిండుకుంటూ కూర్చున్నాడు. చివరికి అడిగాడు, "ఎలా ఉందే?"

"ఏం చెప్పనండీ! మొదటిరోజు చూడగానే ఏడుపొచ్చింది. అబ్బ, ఇంతుందేమిటండీ అంటూ పక్కకి తిరిగాను. లాడ్జి కుక్క ఉంది."

ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"వచ్చే ఏడు ఎండాకాలంలో వద్దామే. పూర్తి అద్దె ఇచ్చే వద్దాం."

"ఎందుకండీ దండగ? వానాకాలమే బాగుంది. సంచి ఒకటి చాలు, కాస్త పెందలాడే లేస్తే సరి."

పీనాసితనంలోనూ తనకంటే రెండాకులు ఎక్కువే చదివిందని మూటలాయన తల వంచుకున్నాడు. వచ్చే ఏడు వస్తారు, తెల్లారకముందే లేస్తాడు కూడా. కానీ ఆవిడ సముద్రాన్ని మళ్లీ మొదటిసారి చూడదు కదా.