గుంజీళ్ళ మొక్కు

దేవుడికి మొక్కిన మొక్కును వాయిదాల మీద చెల్లించవచ్చా, లేక ఒక్కసారే చెల్లించాలా అన్న సందేహం సూర్యప్రకాష్‌ను తొమ్మిదేళ్ళుగా వదలడం లేదు. ఎవరినైనా అడగాలంటే ముందు తన మొక్కు సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గు.

పెద్దపిల్ల దివ్య ఏడో నెలలోనే పుట్టింది. పిల్ల బతికి బట్టకడితే నూట ఎనిమిది గుంజీళ్ళు తీస్తానని ఆసుపత్రి వరండాలో నిలబడి అయినవిల్లి విఘ్నేశ్వరుడికి మొక్కుకున్నాడు. పిల్ల బతికింది. మూడో నెల రాగానే గుడికి వెళ్ళి, రెండు చెవులూ పట్టుకుని మొదలుపెడితే పదకొండో గుంజీ దగ్గర తొడ పట్టేసింది. ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి రిక్షా ఎక్కించారు. మిగతావి మళ్ళీ వచ్చి తీస్తాను స్వామీ అని రిక్షాలోంచే దణ్ణం పెట్టుకున్నాడు. కొత్తపేటలో ఎరువుల కొట్టు గుమాస్తాగిరీ అంటే పొద్దస్తమానం కూర్చుని రాయడమే. తొమ్మిదేళ్ళలో పొట్ట ముందుకు వచ్చింది గానీ మొక్కు ముందుకు జరగలేదు.

తొంభై తొమ్మిది శ్రావణంలో దివ్యకు పది రోజులు జ్వరం తగ్గలేదు. తగ్గిన రోజు అతని భార్య వీరలక్ష్మి మెల్లగా అంది: "స్వామి గుర్తుచేస్తున్నాడేమోనండీ."

"పెద్దవాళ్ళ బాకీ పిల్లల దగ్గర వసూలు చేస్తాడంటావా?"

"చెయ్యడు. అయినా మనం ఇచ్చేస్తే ఓ పని అయిపోతుంది కదా. వచ్చే చవితిలోగా తీర్చేద్దురూ."

దేవుడు అలాంటివాడు కాడని సూర్యప్రకాష్‌కు గట్టి నమ్మకమే. అయినా ఆ రాత్రి పడుకునేముందు రెండుసార్లు పిల్ల నుదురు ముట్టుకుని చూశాడు.

అమలాపురంలో జిమ్ముకు నెలకు నూట యాభై, బస్సు ఖర్చు వేరే. పైగా తెల్లవారితే అతనికి కొట్టు, ఆవిడకు జాకెట్ల కుట్టుపని, దివ్యకు బడి, నాలుగేళ్ళ చిట్టిబాబుకు అల్లరి. వీధి చివర ఉండే వ్యాయామం మాస్టారు శామ్యూల్ దగ్గరికి వెళ్ళి అడిగాడు.

"జిమ్మెందుకండీ బాబూ? ఇంట్లో పావుగంట చాలండి. గుంజీళ్ళు తియ్యండి. గోడకుర్చీ వెయ్యండి. రెండు సీసాల్లో ఇసక పోసి చేతులు చాపి నిలబడండి. ఆఖర్న మీవాణ్ణి వీపు మీద ఎక్కించుకుని పెరట్లో పది చుట్లు తిరగండి."

"ఇవన్నీ బళ్ళో మీరు మాకు వేసిన శిక్షలేనండీ!"

"ఆయ్! పాతికేళ్ళ నుంచీ పిల్లల కాళ్ళు గట్టిపడుతున్నాయంటే మరెలాగనుకున్నారు?" అని నవ్వి, మాస్టారు ఆటల పోటీలకు పిల్లల్ని తీసుకుని కాకినాడ వెళ్ళిపోయారు.

మర్నాడు ఐదున్నరకు పెరట్లో మొదలైంది. మామూలుగా చేతులు ముందుకు చాపి తీయమన్నారు మాస్టారు. సూర్యప్రకాష్‌కు చెవులు పట్టుకోకుండా గుంజీ తీయడం అపచారంగా తోచింది. వీరలక్ష్మి అరుగు మీద కుట్టుమిషను ముందు కూర్చుని, చేతిలో బట్టలు కొలిచే చెక్కస్కేలుతో మిషను బల్ల మీద కొడుతూ లెక్కపెట్టింది.

"పద్దెనిమిది... పూర్తిగా కూర్చోవాలి... పంతొమ్మిది... మధ్యలో ఆగకూడదు!"

అప్పుడే పక్కింటి మంగాయమ్మ కరివేపాకు కోసం దడి దగ్గరికి వచ్చింది. చూసింది. కరివేపాకు కోయకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

రెండోరోజు కరివేపాకు అవసరం లేకపోయినా వచ్చింది. సూర్యప్రకాష్ గోడకుర్చీ వేసి ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి. "ఇంకో అరనిమిషం. లేస్తే మళ్ళీ మొదట్నించీ," అంటోంది వీరలక్ష్మి. మూడోరోజు ఇసుక సీసాలతో చేతులు చాపి నిలబడ్డాడు. నాలుగోరోజు చిట్టిబాబు వీపు మీద కూర్చుని "హెయ్, హెయ్" అని తోలుతుంటే పెరడంతా తిరిగాడు.

"ఎంత తప్పు చెయ్యకపోతే అంత బంగారంలాంటి పిల్ల మొగుణ్ణి అలా నిలబెడుతుందండీ?" అని పిండిమర దగ్గర మంగాయమ్మ బాధపడింది. ఏం తప్పు అన్నది ఆవిడ చెప్పలేదు. విన్నవాళ్ళు తలో తప్పూ వేసుకుని ఇంటికి తీసుకువెళ్ళారు.

మూడు వారాలు గడిచాయి. గుంజీళ్ళు ఎనభైకి చేరాయి, కబురు ఎరువుల కొట్టుకు చేరింది. షావుకారు బంగారరాజు మర్యాదస్తుడు. "గోడౌను తాళాలు ఓ నాలుగు రోజులు నా దగ్గరుంచుతానండీ. మీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుంది," అన్నాడు. పదమూడేళ్ళుగా మొలకు కట్టుకున్న తాళాలు ఇచ్చేసి సూర్యప్రకాష్ ఇంటికి వచ్చేసరికి, ఉప్పలగుప్తం నుంచి మామగారు భీమరాజు దిగి ఉన్నారు. కూతురికి కష్టమొచ్చిందని ఎవరో ఫోను చేశారట.

"కూర్చోండి అల్లుడుగారూ. ఏం చేసేరు?"

"ఏం చెయ్యలేదండి మావయ్యగారూ. వ్యాయామం చేస్తున్నానండి."

"చెవులు పట్టుకునా?"

"నేనే చేయిస్తున్నాను నాన్నా," అంది వీరలక్ష్మి సర్దిచెప్పబోయి.

"అదేనమ్మా నేను అడిగేది. ఎందుకు చేయించాల్సొచ్చింది?"

దివ్య తాతగారి ఒళ్ళో చేరి వివరంగా చెప్పింది: "రోజూ ఎనభై తీయిస్తోంది తాతా. నిన్న నాన్న గోడకుర్చీ మధ్యలో లేచేడని మళ్ళీ వేయించింది."

భీమరాజు కండువాతో మొహం తుడుచుకున్నారు. "సరే. నలుగురి నోళ్ళూ మూతపడాలి. రేపు పొద్దున్న అయినవిల్లి వెళ్దాం. స్వామి ముందు కర్పూరం వెలిగించి, నేనే తప్పూ చెయ్యలేదని ఒక్క మాట అనండి. నేను నమ్ముతాను."

సూర్యప్రకాష్ మొహం పాలిపోయింది. మొక్కు తీర్చని మనిషి ఆ స్వామికి మొహం ఎలా చూపిస్తాడు? అందులోనూ ప్రమాణం!

"అంతర్వేది వెళ్దామండి. పోనీ అప్పనపల్లి. ఎక్కడైనా సరే. అయినవిల్లి మాత్రం వద్దండి."

ఇంట్లో అందరూ అతని వైపు తిరిగారు. దడి అవతల మంగాయమ్మ కూడా.

"ఏం, అక్కడేమైంది?" అన్నారు భీమరాజు.

"ఆ స్వామికి నేను... బాకీ ఉన్నానండి."

"దేవుడి సొమ్ము కూడానా!" అని భీమరాజు లేచి నిలబడ్డారు.

మొక్కు సంగతి అప్పుడు చెప్పక తప్పలేదు. చెప్పాడు. కానీ అంత ఆలస్యంగా చెప్పిన నిజానికి అప్పటికప్పుడు అల్లిన కట్టుకథ వాసన వేసింది. భీమరాజు ఒక్కటే మాట అన్నారు: "అయితే రేపు ముందు అది తీర్చండి. తర్వాత ప్రమాణం. రెండూ నా కళ్ళతో చూస్తాను."

మర్నాడు రెండు ఆటోల్లో వెళ్ళారు. సాక్ష్యానికని మంగాయమ్మ, తాళాల గుత్తితో బంగారరాజు కూడా బయల్దేరారు. మండపంలో ఓ పక్కన సూర్యప్రకాష్ స్వామికి ఎదురుగా నిలబడి చెవులు పట్టుకున్నాడు. వాయిదాల సందేహం ఎలాగూ తీరలేదు కనుక, పాతవి లెక్కలోకి తీసుకోకుండా ఒకటి నుంచీ మొదలుపెట్టాడు. వీరలక్ష్మి స్కేలు లేకుండా, పెదవులతోనే లెక్కపెట్టింది.

పదకొండు దాటింది. అతనికి నవ్వొచ్చింది. యాభై దాటింది. డెబ్బై దగ్గర ఊపిరి బరువెక్కింది. ఎనభై తర్వాత ఇంటి దగ్గర ఎప్పుడూ వెళ్ళని దారి. తొడలు వణికాయి. తొంభై దగ్గర కిందికి కూర్చున్నవాడు లేవలేదు.

"చాలు అల్లుడుగారూ," అన్నారు భీమరాజు. "ఏ తప్పు చేసినా ఈపాటికి పోయుంటుంది. లేవండి."

"తప్పు కాదండి... పిల్ల," అన్నాడు సూర్యప్రకాష్ నేల మీదికి చూస్తూ.

దివ్య వచ్చి ఎదురుగా నిలబడింది. "నాకోసమా నాన్నా?" అని, తనూ చెవులు పట్టుకుని కూర్చుంది. "లే, నాతో లే. తొంభై ఒకటి!"

లేచాడు. తొంభై ఐదు నుంచీ మంగాయమ్మ పైకే లెక్కపెట్టింది. నూరు దాటేసరికి భీమరాజు తనకు తెలియకుండానే చెవులు పట్టుకున్నారు. నూట ఎనిమిది అనగానే పూజారిగారు గంట కొట్టారు. సూర్యప్రకాష్ స్తంభం పట్టుకోకుండానే నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఈసారి అతన్ని ఎవరూ మోయనక్కర్లేదు.

పళ్ళెంలో కర్పూరం వెలిగింది. "ఇప్పుడు చేస్తానండి మావయ్యగారూ. ఏం చెయ్యలేదని చెప్పమంటారు?"

భీమరాజు మంగాయమ్మ వంక చూశారు. "ఏమ్మా, ఏం చేసేడన్నారు?"

"నాకేం తెలుసండీ? నేను చూసింది శిక్షేనండి. పేకాటేమో అని మర దగ్గర ఎవరో అంటే..."

"నాతో కోడిపందేలన్నారండి," అన్నాడు బంగారరాజు.

"నాకు ఫోనులో చిన్నిల్లన్నారు," అన్నారు భీమరాజు మరీ చిన్నగా.

మూడింటికీ కలిపి ఒకే ప్రమాణం సరిపోతుందా అని వాళ్ళు తర్జనభర్జన పడుతుండగానే కర్పూరం కొండెక్కింది. బంగారరాజు తాళాల గుత్తి తీసి సూర్యప్రకాష్ చేతిలో పెట్టి, స్వామి వైపు తిరిగి నాలుగు గుంజీళ్ళు తీశాడు. ఐదోది వీలు కాలేదు.

తిరుగు దారిలో ఆటోలో దివ్య వేళ్ళు మడిచి లెక్క చూసింది. "నాన్నా, ముందోసారి పదకొండు తీసేవుగా. మరి అవి ఎక్కువైపోయినట్టేగా?"

ఆ సంగతి సూర్యప్రకాష్ ఇంతవరకూ స్వామి దగ్గర ఎత్తలేదు.