పశ్చాత్తాపానికి పది ఉచ్చులు

లువాంగ్వా లోయలో ఇకమీదట ఒక్క జింక కూడా ఉచ్చులో పడి చావదని మంత్రి ములోప్వె గారు ప్రకటించారు. జింకలకు ఆ సంగతి ఎలా చేరిందో తెలియదు గానీ, నేను తూకం వేసే డిపోకు మాత్రం సర్క్యులర్ వచ్చింది. వేట మానేసిన రైతుల వేరుశనగే మంచి ధరకు కొనాలి. మానేసినట్టు రుజువుగా మనిషికి పది ఉచ్చులు అప్పగించాలి. ఇంత గొప్ప ఆలోచన ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు.

మొదటి రోజే తిసౌకే అవ్వ నాలుగు బస్తాలతో వచ్చింది. ఇంటికప్పు గడ్డిని చెదలు తినేశాయి, వానలు పడేలోగా రేకులు వేయించుకోవాలి. దారిన పోయే వ్యాపారులిచ్చే సగం ధరకు రేకులు రావు. డిపో ఆఫీసరు లజారో గారు మర్యాదగానే ఉచ్చులేవని అడిగారు.

"నేనెప్పుడూ వేటాడలేదయ్యా. మా ఆయనా ఆడలేదు."

"అదేనమ్మా మీతో వచ్చిన చిక్కు. చెయ్యని తప్పు ఎలా మానేస్తారు?"

అవ్వ ఇంటికెళ్లి పాత సైకిలు బ్రేకు తీగలు మెలిపెట్టి పది ఉచ్చులు చేసుకొచ్చింది. లజారో గారు ఒక్కొక్కటీ వాసన చూసి, వీటిలో నిజాయితీ లేదని వెనక్కిచ్చేశారు. వెంట్రుకలు అంటిన ఉచ్చులే కావాలట.

మా ఊళ్లో అలాంటివి ఉన్నది యోబె ఒక్కడి దగ్గరే. ఇరవై ఏళ్లుగా వేటాడుతున్నాడు, సిగ్గన్నది వాడి గడప తొక్కలేదు. ఒక్కో ఉచ్చుకు రెండు బుట్టల వేరుశనగ అన్నాడు, పదింటికి కలిపి నాలుగు బస్తాలు. అవ్వ బేరమాడింది.

"అసలు సరుకవ్వా ఇది," అన్నాడు వాడు. "ఇదిగో, పుకు జింక బొచ్చు. ఆఫీసరు నోరెత్తడు."

ఊరంతా వాడి వాకిట్లోనే నిలబడింది. వారంలో పాత ఉచ్చులన్నీ అయిపోయాయి. కొత్తవాటికి బొచ్చు అంటాలంటే అడవిలో పెట్టక తప్పదు కదా, పెట్టాడు. ఆ నెలలో చచ్చినన్ని జింకలు ఏ నెలలోనూ చావలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఉద్యోగం నాది, తూకం వేస్తూనే ఉన్నాను.

నెలాఖరున మంత్రిగారు డిపో ముందు సభ పెట్టారు, అప్పగించిన ఉచ్చుల గుట్ట ఆయన గుండెల దాకా వచ్చింది. దాన్ని చూసి ఆయన కళ్లు తుడుచుకున్నారు. అందరికంటే ఎక్కువ వేరుశనగ తెచ్చినందుకు ఉత్తమ ప్రకృతి రైతుగా యోబెకు షీల్డు ఇచ్చారు. వేట మానేసినందుకు తిసౌకే అవ్వకు సర్టిఫికెట్ ఇచ్చారు.

"మీ పంట ఏదమ్మా? ఫొటోలో పడాలి," అన్నారు మంత్రిగారు.

అవ్వ నా కాటా వైపు చూపించింది. దానిమీద యోబె తెచ్చిన బస్తాలు నాలుగున్నాయి.

"ఆ నాలుగూ నావేనయ్యా."

మంత్రిగారు సంతోషించి ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీయించారు. అవ్వ సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే లజారో గారు దగ్గరికొచ్చి ధైర్యం చెప్పారు. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించారట, ఎంత వానొచ్చినా తడవదట.