కుక్కల సాక్షికి ఫీజు దేనికి?

హెస్టర్ పిక్‌ఫోర్డ్ వంటగది బల్ల ముందు కూర్చుని, కుక్కల్ని పరీక్షించే కర్ర చేతి వేళ్ళ సందుల్లో ఎండిపోయిన కుక్క చొంగను పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతోంది. ఈవిడకు ఫీజు ఎగ్గొట్టడమే అసలైన న్యాయమని నేను ఘంటాపథంగా చెప్తాను. ఈవిడ ఇంట్లోనే అద్దెకుంటూ మరీ చెప్తాను!

ఇంగ్లండులోని మా యార్క్‌షైర్‌లో కుక్క మనిషిని కరిచి కోర్టుకెక్కితే, దాని బుద్ధి ఎలాంటిదో జడ్జిగారికి చెప్పే నిపుణ సాక్షి హెస్టర్. దాని ఎదుట గొడుగు తటాలున తెరుస్తుంది. తింటుండగా కర్ర చేత్తో గిన్నె లాగుతుంది. అది ఏం చేసిందో నలభై పేజీలు రాస్తుంది. డబ్బు సర్కారు నుంచి లాయర్ల మీదుగా రావాలి. పద్నాలుగు నెలలుగా వస్తూనే ఉంది!

ఇందులో ఎంత మేలుందో ఆలోచించారా? సాక్షి ఎవరి పక్షమూ వహించకూడదు కదా! డబ్బు ముడితే మనసులో ఏ మూలో కృతజ్ఞత పుడుతుంది. హెస్టర్‌కో, రెండు పక్షాల లాయర్ల మీదా సమానంగా ఒళ్ళు మండుతుంది. ఇంతటి నిష్పక్షపాతం డబ్బిస్తే దొరుకుతుందా?

ఆరోగ్యం సంగతి సరేసరి. కారు అమ్మేశాక బస్సు దిగి రెండు మైళ్ళు నడుస్తోంది.

లోకజ్ఞానమూ పెరిగింది. ముప్పై మైళ్ళకు ముప్పై ఒకటి వేసిందని ఒక ప్రయాణం బిల్లు తిరిగొచ్చింది. కుక్క నమిలేసిన కర్ర చేయి స్థానంలో కొత్తది కొనేముందు మూడు దుకాణాల ధరలు తేలేదని ఇంకొకటి తిరిగొచ్చింది. దేశం మొత్తమ్మీద ఆ చేతులు చెక్కేవాడు ఒక్కడే. మిగతా ఇద్దరి కోసం ఆవిడ ఎన్ని ఊళ్ళు చూసిందో!

ఇంత చేసినా విశ్వాసం లేదు. "ఇక చాలు. ఈ చేతిని కడిగి అటకెక్కిస్తా. పూడిల్ కుక్కలకి తలంట్లు పోసి బతుకుతా. వాటి ఒళ్ళు ఆరేలోపు డబ్బులిస్తారు" అంది.

అప్పుడే తలుపు చప్పుడైంది. పై వీధి ఆర్నాల్డ్ స్టటార్డ్, రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన కుక్క, పేరు టర్నిప్, పార్సిల్ తెచ్చినవాడి పిక్క పట్టుకుంది. ఏడు నెలలుగా పోలీసుల కుక్కలశాలలో ఉంది. శుక్రవారంలోగా నిపుణుల నివేదిక అందకపోతే ప్రాణం తీసే ఇంజెక్షనే.

"లాయరు పదకొండు మందికి ఫోన్ చేశాడట తల్లీ. అందరూ మానేశారు. ఒకాయనైతే తేనెటీగలు పెంచుకుంటున్నాడట."

"తెలివైనవాడు. తేనెటీగలు ఫారాలు నింపమనవు. నేనూ మానేశాను, ఆర్నాల్డ్ గారూ."

"తెలుసమ్మా. అడగడానికి రాలేదు." ఆయన చంకలోంచి పాత దుప్పటి తీసి బల్ల మీద పెట్టాడు. "దానిది. నన్ను చూడనివ్వరుగా. నువ్వెప్పుడైనా అటెళితే..."

హెస్టర్ బ్రష్ కింద పెట్టింది.

పాఠకులారా, నా వాదన ఇక్కడే నెగ్గింది! ఫీజు ఎందుకివ్వరో చూశారా? ఇవ్వకపోయినా వెళ్తుందని వాళ్ళకి తెలుసు. పదకొండు మంది పోయినా వాళ్ళ లెక్క తప్పలేదు. పన్నెండో మనిషి ఉంది. ఆవిడా పోయాక ఏమిటన్నది ఏ ఫారంలోనూ అడగలేదు కాబట్టి ఎవరూ ఆలోచించలేదు.

హెస్టర్ తడి కర్ర చేతిని తుడిచి, దుప్పటిలో చుట్టి సంచిలో పెట్టింది. కోటు తొడుక్కుంది. గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు మాత్రం తెరవలేదు. అది పరీక్ష సామాను. పాడైతే మళ్ళీ మూడు దుకాణాల ధరలు తేవాలి.