నురగ మీద అగ్గిపుల్ల

శనివారం పొద్దున్న ఓటాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పులిసిన బీరు ముప్పై సీసాల్లో నింపాలి, మూతలు బిగించాలి, భోజనానికి చేతులు కడుక్కోవాలి. చెక్ దేశంలోని క్లాటొవీ ఊళ్ళో గడియారాలు బాగుచేసే ఆ మనిషికి దేన్నయినా విప్పి చూడాలనే కుతూహలం. చూసిందల్లా నోటుబుక్కులో రాసుకోవాలి. బీరు కాయడం మాత్రం ఇదే మొదలు. నలభై ఏళ్ళు బీరు ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన, అదే ఇంట్లో ఉండే మామగారు సెవెరిన్ రెండు వారాల్లో పరీక్ష పెడతానన్నాడు.

"నురగ మీద అగ్గిపుల్ల నిటారుగా నిలబడాలి అల్లుడూ. పడిందా, నేలమాళిగలో నీ బీరు మూల మీ అత్త క్యాబేజీ ఊరబెట్టే పీపాకి పోతుంది."

సీసాలో బీరు పొంగాలంటే చివర్లో కాస్త పంచదార పడాలి. తక్కువైతే చప్పిడి, ఎక్కువైతే సీసా పేలుతుంది. ఓటాకర్ నూట ఇరవై గ్రాములు తూచి, పాకం కాచి, పొయ్యి మీదే ఆరనిచ్చి, సీసాలు కడగడానికి కిందికి వెళ్ళాడు. తిరిగొచ్చి గిన్నె మొత్తం బీరులో వంపి, కలిపి, సీసాలు నింపాడు. మూతలు బిగించే యంత్రం అరువు తేవడానికి పక్కవీధికి పరుగెత్తాడు. వచ్చేసరికి భార్య లిబూషె సీసాల దగ్గర నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"ఈగలు తోలుతున్నా."

రెండు వారాలు గడిచాయి. పరీక్ష రేపనగా, పొద్దున్న కాఫీలోకి చక్కెర బిళ్ళలు లేవు.

"ఇంకో నిండు డబ్బా ఉండాలే! చీమలెత్తుకుపోయాయా?"

"నీ సీసాల్లోకి పోయాయి. ఆ రోజు గిన్నె అడుగు నాకి చూస్తే తీపన్నదే లేదు. పంచదార మర్చిపోయావని సీసాకొకటి వేశా. నాన్న ముందు నీ పరువు పోకూడదని!"

"నీ ప్రేమ బంగారం కానూ! నేనూ వేశానే! రెట్టింపయింది! అవి సీసాలు కావు, బాంబులు!"

నడివేసవిలో చలికోటు తొడిగి, హాకీ ముసుగు పెట్టుకుని, సీసాల్లో గాలి వదిలి మళ్ళీ మూతలు పెట్టడానికి ఓటాకర్ నేలమాళిగలోకి దిగాడు. బాణలి మూత అడ్డం పెట్టుకుని లిబూషె వెనకే దిగింది. మూత తీసిన ప్రతి సీసా 'ఫుస్స్' అంది. ఆ చప్పుడుకి పైవాటా ఆవిడ "గ్యాసు లీకు!" అని కేకేసింది. మూడంతస్తుల జనం చెప్పుల్లేకుండా వాకిట్లోకి వచ్చి పడ్డారు.

ఓటాకర్ ముసుగుతోనే మెట్లెక్కి వచ్చి చేతులూపాడు. "కంగారు పడకండి, గ్యాసు నాదే!"

అది విన్నాక అతని దగ్గరికి ఎవరూ రాలేదు.

లోపల గాలి ఇంకెంత మిగిలిందోనని అన్నిటినీ ఊపి కూడా చూశాడు. 'సీసాలు ఇరవై తొమ్మిదే. ఒకటి మాయం. గాజుముక్క కూడా లేదు. వింత!' అని రాసుకున్నాడు.

ఆదివారం సెవెరిన్ గ్లాసులో అగ్గిపుల్ల నిలబెట్టబోయాడు. అది అడ్డంగా పడి తేలింది.

"బావుంది, బట్టలు నానబెట్టుకోవడానికి. హెర్మీనా, పీపా కడుక్కో."

ఓటాకర్ ప్రాణం ఉసూరుమంది. అత్తగారు హెర్మీనా జాలిపడి పాకంలో ఊరిన పుల్ల చెర్రీలు వడ్డించింది. అంత దుఃఖంలోనూ అతనికి కుతూహలం ఆగలేదు.

"అత్తయ్యా, ఈ పాకం ఎప్పుడు కాచారు?"

హెర్మీనా గరిటె ఆగిపోయింది. "ఎండాకాలం పొయ్యి మీద పాకం ఉంటే అది చెర్రీలదే కదయ్యా! పోసేశాక తెలిసింది నీదని. బాధపడతావని గిన్నెలో అన్నే వేడినీళ్ళు పోసి పెట్టా."

అంటే సీసాల్లో పడ్డది లిబూషె వేసిన బిళ్ళలే. సరిగ్గా సరిపోయే కొలత!

"నా చేత్తో నేనే తగలేసుకున్నాను!" ఓటాకర్ తల పట్టుకున్నాడు. "ఇరవై తొమ్మిది!"

"ముప్పయ్యోది నా దగ్గరుంది," అంది హెర్మీనా మెల్లిగా. "మాంసం కూరలో పోద్దామని తీశా."

మూత తీశారు. తెల్లటి నురగ గ్లాసు అంచు దాటి లేచింది. అగ్గిపుల్ల నిలబడింది. సెవెరిన్ చివరి చుక్కదాకా తాగి మీసం తుడుచుకున్నాడు.

"మూల నీదే అల్లుడూ. ఇంకోటి తియ్యి."

ఇంకోటి లేదు.

"పోనీ, కొలతైనా చెప్పు."

ఓటాకర్ నోటుబుక్కు తీసి రాశాడు: 'పాకం కాచి అత్తగారి కంట పడేచోట పెట్టి బయటికి వెళ్ళవలెను, తిరిగొచ్చి, సీసాలు నింపి, భార్యను అక్కడ వదిలి మళ్ళీ వెళ్ళవలెను.'