పన్నెండు మంది, ఒకటే భుజం

దర్జీ పొద్దున్నే కొట్టు తెరిచాడు. మూడు మిషన్లలో రెండింటి మీద గుడ్డ కప్పి ఉంది. ఎదురుగా అద్దాల రెడీమేడ్ షాపు వచ్చాక పని తగ్గింది. పార్సిలు ఆఫీసువాళ్ల యూనిఫారాలు దక్కితే ఆ గుడ్డలు తీయొచ్చు. దక్కకపోతే మూడోదానికీ కప్పాలి.

ఆఫీసువాళ్లు రెండు షాపులనీ ఒకటే అడిగారు. తమ మనుషులు కొత్త బట్టల్లో ఎలా ఉంటారో చిన్న వీడియో పంపాలి. మధ్యాహ్నం పన్నెండు లోపు. కుట్టని బట్టలకి వీడియో ఎలా వస్తుందో దర్జీకి తెలియదు. అల్లుడికి తెలుసు. పెళ్లయి నెల కాలేదు, అత్తవారింట ఏదో ఒకటి చేసి చూపించాలని అతని ఆరాటం. లాప్‌టాప్ తెచ్చి కత్తిరింపుల బల్ల మీద పెట్టాడు.

"మనం మాట రాస్తే చాలు మామయ్యా. బొమ్మ అదే గీస్తుంది."

రాశాడు. తెర నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు. ఆ చుక్కల్లోంచి మెల్లగా ఒక మనిషి తేలాడు. గోధుమరంగు చొక్కా, చక్కటి కాలరు. చేతులు మాత్రం మూడు.

టీ తెచ్చిన అత్తగారు తెర చూసి ఆగింది.

"మూడో చెయ్యి దేనికి బాబూ?"

"పార్సిళ్లు ఎక్కువుంటాయి కదా అత్తయ్యా," అన్నాడు అల్లుడు చెమట తుడుచుకుంటూ.

మూడో చెయ్యి వద్దు అని రాశాడు. ఈసారి మూడో చెయ్యి మరింత శ్రద్ధగా, బొత్తాలతో సహా వచ్చింది.

"వద్దన్నా ఆ మాటే పట్టుకుంటుంది ఇది."

"మా ఆయనకి చెప్పినా ఇంతే," అంది అత్తగారు.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. పొద్దుటి నుంచి అతను నోరు విప్పడం అదే మొదలు.

"నోటితో చెబితే చొక్కా కుదరదు. కొలతివ్వాలి."

అల్లుడికి దారి దొరికింది. ఒక మనిషి ఫొటో ఇస్తే, అతను నిలబడ్డ తీరు పట్టుకుని బొమ్మ వేస్తుంది. ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పడానికి తెర మీద ఒక మీట కూడా ఉంది.

"మీరే నిలబడండి మామయ్యా."

దర్జీ గోడకానుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్లు మిషను మీద వంగిన మనిషి. ఎడమ భుజం రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. మెడలో టేపు స్నానానికి తప్ప తీయడు. మూడు చేతులతో ఒకసారి దెబ్బ తిన్న అల్లుడు ఫొటో తీసి, మీటని చివరికంటా జరిపాడు.

పన్నెండు మంది వచ్చారు. మనిషికి రెండే చేతులు. అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. పన్నెండు మందికీ ఎడమ భుజం దిగి ఉంది. పన్నెండు మెడల్లోనూ టేపులున్నాయి.

"అందరూ మీరే ఉన్నారండీ," అంది అత్తగారు భర్తతో. "ఒక్కరితోనే వేగలేకపోతున్నాను."

"మీట కాస్త తగ్గిస్తే సరి. అయిదు నిమిషాల పని," అంటూ అల్లుడు గోడ గడియారం చూశాడు. పన్నెండుకి ఒక్క నిమిషం. తెర నిండా పన్నెండు మంది నడుస్తుంటే లాప్‌టాప్ మూలనున్న టైము చూసే తెలివెక్కడిది. ఉన్న వీడియోనే పంపేశాడు.

అత్తగారు గ్లాసులు నెమ్మదిగా కింద పెట్టింది.

"ఆ గడియారం గంట ముందుంటుంది బాబూ. మీ మామయ్య చెప్పిన టైముకి బట్టలిస్తారని నేనే తిప్పి పెట్టా. అది ఆయనకి తెలిసి పదేళ్లయింది."

అల్లుడు ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఆ వీడియో చూడొద్దు, ఇంకొకటి పంపుతామన్నాడు. చూసేశామన్నారు. మేనేజరుగారు మీ కొట్టుకే బయల్దేరారన్నారు. అల్లుడు బట్టలు సరిచూసుకునే గదిలోకి వెళ్లి తెర లాక్కున్నాడు.

మేనేజరు వచ్చాడు. "ఆ వీడియో ఎవరు చేశారు?"

గది తెర కదిలింది.

"ఎదురు షాపువాళ్లూ పంపారు. అందరూ ఇస్త్రీ బల్లల్లా ఉన్నారు. మావాళ్లు అలా ఉండరండి. నేనూ ఇరవై ఏళ్లు సంచి మోసి ఈ కుర్చీకొచ్చాను. ఎడమ భుజం దిగిపోతుంది, ఏ చొక్కా వేసినా జారుతుంది. మా కొలతలు మీకెవరిచ్చారు?"

ఏదో ఒకటి అల్లి చెప్పమని అత్తగారు భర్తని మోచేత్తో పొడిచింది.

"అది నా భుజం," అన్నాడు దర్జీ. "మిషను వల్ల."

మేనేజరు ఆ భుజం చూశాడు. అద్దంలో తన భుజం చూసుకున్నాడు. దర్జీ మెడలోంచి టేపు తీసి అతని భుజాలు కొలిచాడు. కుడిది ఒకటి, ఎడమది ఒకటి, రెండు అంకెలు రాశాడు.

"రెండూ వేరువేరుగా కొలుస్తారా?"

"వేరువేరుగానే ఉంటాయి."

మేనేజరు ఆ రెండు అంకెలూ వంగి చూశాడు. తర్వాత అన్నాడు: "మావాళ్లు నూట ఇరవై మంది. రేపటి నుంచి పంపిస్తా, అందరినీ ఇలాగే కొలవండి. టేపులు మాత్రం మావాళ్లకి అక్కర్లేదు."

గది తెర తొలగింది. "నేనే చేశాను సార్," అన్నాడు అల్లుడు.

"మా అల్లుడుగారు," అంది అత్తగారు. గారు చేర్చడం అదే మొదటిసారి.

దర్జీ రెండు మిషన్ల మీది గుడ్డలూ తీసి, దులిపి, మడత పెట్టాడు.

"ఎప్పటికిస్తారు?" అడిగాడు మేనేజరు.

దర్జీ గడియారం వైపు చూశాడు. "చెప్పిన టైముకి."

అత్తగారు స్టూలెక్కి ముల్లుని ఇంకో గంట ముందుకి తిప్పింది.