దుర్గయ్య వాటా

పెత్రమాస పొద్దున బాలనర్సింహ డిపోకు సెలవు పెట్టి, స్నానం చేసి, మటన్ తెచ్చి, డాబా మీద తండ్రి దుర్గయ్య ఫొటో పెట్టే చోటు కడిగాడు. మధ్యాహ్నం విస్తరి వేయాలి, పక్కన గ్లాసు పెట్టాలి, అందులో మందు పోయాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఈ పెద్దల అమావాస్య నాడు పెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. ఏటా ఆ పూటకే జేబులో దాచి తెచ్చి పోసేది దుర్గయ్య తాగిన చవక మందే. ఈసారి మాత్రం అది కాదు.

దుర్గయ్య బతికినన్నాళ్లూ ముక్కు మూసుకునే తాగాడు. గటుక్కున మింగి, మొహం చిట్లించి, ఉప్పు రాసిన జామకాయ ముక్క కొరికేవాడు. "మందుకు రుచేందిరా? పని చేస్తది, గంతే" అనేవాడు. కొడుకూ అలాగే నేర్చుకున్నాడు. కిందటి వారం తోటి మెకానిక్ బాబురావు ఉట్నూరు పోయి ఇప్పసారా తెచ్చాడు. గ్లాసులో కాస్త పోసి ఇచ్చాడు. బాలనర్సింహ చెయ్యి అలవాటుగా ముక్కు మీదికి వెళ్లింది. బాబురావు ఆ చెయ్యి పట్టి దించాడు.

"ముక్కు ఇడిసి తాగు భాయ్. పువ్వుతోని చేసింది గిది."

తాగాడు. ముందు పూల వాసన, దాని వెనక పాతబెల్లం తీపి, ఆఖరున కట్టెలపొయ్యి పొగ సన్నగా. మింగాక కూడా నాలుక మీద ఏదో నిలిచే ఉంది. జామకాయ ముక్క చేతిలోనే ఉండిపోయింది. తండ్రి గుర్తొచ్చాడు. అంత తాగిన మనిషి ఒక్కనాడూ రుచి చూడకుండానే పోయాడు. ఇప్పపూలు మళ్లీ ఎండాకాలం దాకా రావని బాబురావు చెప్పాడు. మిగిలిన సారా అడిగి తెచ్చుకున్నాడు బాలనర్సింహ. పెత్రమాస నాడు తండ్రికి పోయాలి. అతనికి ఇంకే కోరికా లేదు.

చిక్కల్లా ఇంటి యజమానితో. శాలిబండలోని ఆ ఇల్లు కైలాసం సేట్‌ది. కింద ఆయన కాపురం, పైన వీళ్లు. కైలాసం మాంసం వాసన దాకా సర్దుకుపోతాడు గాని, మందు గేటు దాటితే ఇల్లు ఖాళీ చేయమంటాడు. అందుకే బాలనర్సింహ సారాను నీళ్ల సీసాలో పోసి మసాలా డబ్బాల వెనక దాచాడు. భార్య వీణకు కూడా చెప్పలేదు.

డాబా దిగి వంటింట్లోకి వచ్చేసరికి డబ్బాల వెనక ఖాళీ.

"వీణా, గీడ నీళ్ల సీస ఉండాలె, ఏది?"

"కేవడానా? డబుల్ కా మీఠాల పోసిన."

"ఎంత?"

"అంతా. మంచి కేవడా చుక్కేస్తేనే ఇల్లంత గుప్పుమంటది. నువ్వు తెచ్చింది ఎంత పోసినా వాసన రాలె. అత్తరు దుకాణపోడు నిన్ను మోసం జేసిండయ్యా."

చార్మినార్ నీడలో కాపురం చేసే ఆడమనిషికి, పూల వాసన వేసే తెల్లటి నీళ్లంటే, మిఠాయిల్లో చల్లే మొగలిపూల కేవడా తప్ప మరొకటి ఎలా తోస్తుంది? నేతిలో వేయించిన రొట్టె ముక్కలు ఒక్క బొట్టు వదలకుండా పీల్చుకున్నాయి. బాలనర్సింహ పొయ్యి పక్కన కూలబడి సంగతి చెప్పాడు. వీణ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ముందు చెప్పొద్దా! సేట్‌కు మస్తు ఇష్టమని పెద్ద గిన్నె నిండ ఇచ్చొచ్చిన. బాపు విస్తట్లకని ఒక్క ముక్క ఉంచిన, గంతే."

అతను మెట్లు రెండేసి దిగాడు. సేట్ ఇంటివాళ్లు బతుకమ్మ పూలకు బజారు పోయారు. కైలాసం ఒక్కడే గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సేట్, ఆ గిన్నె ఓసారి ఇయ్యుండ్రి. వీణ చక్కెరకు బదులు ఉప్పేసింది."

కైలాసం ముక్క నోట్లో వేసుకున్నాడు. "ఉప్పేడిదయ్యా? మంచిగనే ఉంది."

"అడుగుకు దిగి ఉంటది."

ఆయన అడుగు ముక్క కూడా తీసి తిన్నాడు. "లేదు."

"పాలు ఇరిగినయేమోనని ఫికర్..."

"గట్లనా?" మరో ముక్క, ఇంకో ముక్క పరీక్షించాడు. "ఇరగలె. ఏంది నర్సింహా, ఇచ్చినంక మనసొప్పుతలేదా? పెత్రమాస పూట పెట్టింది వాపస్ అడుగుతరా ఎవరన్న?"

బాలనర్సింహ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కైలాసం పంతం కొద్దీ గిన్నె ఖాళీ చేసి, వేళ్లు నాకాడు.

"కిరాణా దుకాణంల పుట్టి పెరిగిన నేను. కేవడా ముక్కు కాడనే ఆగుతది. గిదేందో లోపలికి పోయి మళ్ల పైకొస్తున్నది. ఇంక ఉన్నదా?"

"లేదు సేట్" అని పైకి వచ్చేశాడు.

మధ్యాహ్నం విస్తరి వేశారు. గ్లాసు ఉండాల్సిన చోట ఆ ఒక్క ముక్కను కటోరీలో పెట్టారు. "బాపూ, గీ ఒక్కసారి ముక్కు మూసుకోకు" అన్నాడు బాలనర్సింహ ఫొటోతో. వీణ కొంగుతో కళ్లొత్తుకుంది.

అంతలో గోడ పట్టుకుంటూ కైలాసం మెట్లెక్కి వచ్చాడు. ఎన్నడూ పైకి రాని మనిషి ఫొటో ముందు చతికిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దుర్గయ్యా, నిన్ను మస్తు తిట్టిన. తాగొచ్చిననాడు గేటు బయటనే కూసుంటుంటివి, మా అమ్మకు వాసన రావద్దని. వానల తడుస్తుంటే కిటికీలకెల్లి చూసిన. లోపలికి రా అనలె." వెక్కి వెక్కి ఏడ్చాడు.

తండ్రి నడవలేక అక్కడ కూర్చుంటాడనే బాలనర్సింహ ఇన్నాళ్లూ అనుకున్నాడు.

కైలాసం కండువాతో మొహం తుడుచుకుని విస్తరి వైపు చూశాడు. "గదొక్కటి ఉన్నట్టుంది?"

వీణ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ రోజు విస్తరి దగ్గర ఎవరు అడిగినా పెద్దలు అడిగినట్టే. బాలనర్సింహ ఫొటో వైపు చూశాడు. వంగి, కటోరీ తీసి, కైలాసం చేతుల్లో పెట్టాడు. కైలాసం కళ్లు మూసుకుని మెల్లగా, చాలాసేపు నమిలాడు. బాలనర్సింహ ఆ నమలడాన్ని చివరిదాకా చూశాడు.

"ఎట్లున్నది సేట్?"

"దుర్గయ్య తినాల్సుండె" అన్నాడు కైలాసం.

మర్నాడు పొద్దున ఆయన తలకు తువ్వాలు బిగించి గేటు దగ్గర నిలబడి, తన ఒంటికి కేవడా పడదని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పాడు.