హెల్మెట్లు పెట్టించిన సిగ్గు

సిగ్గును మించిన ట్రాఫిక్ పోలీసు ఈ లోకంలో లేడని బల్ల గుద్ది చెబుతాను!

నమ్మరా? మా ఊరి సుఖవ్యాధుల క్లినిక్‌కి వెళ్లి చూడండి. వెయిటింగ్ హాల్లో ఫ్యాన్ కింద కూర్చున్న ప్రతివాళ్ల నెత్తినా హెల్మెట్టే, అద్దం కూడా దించేసి ఉంటుంది. బస్సు దిగి నడిచొచ్చినవాళ్లు సైతం హెల్మెట్ తీయరు. కాంపౌండర్ పేర్లు పిలవడు. "ఎర్ర హెల్మెట్, లోపలికి రండి" అంటాడు. ఇంత క్రమశిక్షణ రోడ్డు మీద ఏనాడైనా చూశారా?

మా బావనే తీసుకోండి. సబ్బుల కంపెనీలో సేల్స్‌మన్, నెలలో సగం రోజులు క్యాంపులే. హెల్మెట్ పెడితే జుట్టు ఊడుతుందని పోలీసులతోనే వాదించిన ఘనుడు. అలాంటి మహానుభావుడు ఓ క్యాంపులో కండోమ్ అడగడానికి నోరు రాక, షాపులో చూయింగ్ గమ్ కొనుక్కుని బయటపడ్డాడు. వారం తిరిగేసరికి మూత్రంలో మంట! ఆ సాయంత్రమే నీలం హెల్మెట్ కొన్నాడు. చూశారా సిగ్గు మహిమ?

మీ ఆవిడకీ పరీక్ష చేయాలి, ఇద్దరూ కలిసి మందులు వాడాలి, లేకపోతే మళ్లీ తిరగబెడుతుందని డాక్టరు నచ్చజెప్పాడు. బావ తలూపాడు, హెల్మెట్టూ ఊగింది. తీరా ఇంటికెళ్లాక మా అక్క మొహం చూసేసరికి, ఏం కూర వండావని అడిగి ఊరుకున్నాడు. చెబితే కాపురం కూలిపోతుందని భయం. మందులు ఒక్కడే మింగాడు.

డాక్టరు అన్నంతా అయింది. మంట మళ్లీ వచ్చింది. తీరా బయల్దేరబోతే కొక్కేనికి హెల్మెట్ లేదు! ఆఫీసు వాచ్‌మన్ది అరువు తెచ్చుకుని, క్లినిక్‌లో ఖాళీ కుర్చీ చూసుకుని కూలబడ్డాడు. పక్క కుర్చీలో నీలం హెల్మెట్. తెగిన బెల్టుకి తను తెల్లదారంతో వేసుకున్న కుట్టు కూడా దానికి అలాగే ఉంది. కింద మా అక్క చీర.



"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు బావ.

"మీరు క్యాంపు నుంచి వచ్చాక మొదలైంది. నాకే ఏదో వచ్చిందనుకున్నా. మీకెక్కడ అంటిస్తానోనని రోజూ హడలి చస్తున్నా," అంది అక్క.

బావ హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. హాల్లో అద్దాలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"నువ్వు కాదు. నేనే," అన్నాడు.

ఆ రోజు ఇద్దరూ కలిసే డాక్టరు గదిలోకి వెళ్లారు, కలిసే మందులు వాడారు. అక్క ఆయనతో సరిగ్గా మాట్లాడటానికి ఇంకా చాలా కాలం పట్టేలా ఉంది.

అయినా నేను మాట మీద నిలబడే మనిషిని. సిగ్గు మా బావ తలను భద్రంగానే కాపాడింది, ఒప్పుకుంటాను. కాకపోతే ఆ క్యాంపులో ఆయన కాపాడాల్సింది తలను కాదండీ, మా అక్కని.